పంచదార కత్తి

కొత్తగా డిప్లొమా చేతికొచ్చిన ఆ రోజుల్లో ఉక్కు గురించి నాకు తెలియనిది లేదనుకునేవాణ్ణి. (ఇప్పుడు తెలియనివే ఎక్కువ. జీతం మాత్రం పెరిగింది.) గూడెం కొత్తవీధిలో ఒక శిక్షణ కేంద్రంలో పాఠాలు చెప్పే ఉద్యోగం. ఉక్కును కాల్చి నీళ్లలో ముంచితే లోపలి రేణువుల అమరిక మారి ఎలా గట్టిపడుతుందో పిల్లలకు వీడియో తీసి చూపిద్దామని, ఒక సంత రోజున కమ్మరి తాత కొలిమికి వెళ్లాను. పాకలో చీకటి. ఫోన్‌లో అంతా నల్లగా పడుతోంది. ఎదుటి తడిక తీసెయ్యమన్నాను.

"ఎండలో ఇనుము రంగు తెలీదు బాబూ, ఎక్కువ కాలిపోద్ది" అన్నాడు తాత. "నేను చూసి చెబుతాగా" అన్నాను. చదువుకున్నవాడి మాట కాదనలేక తడిక తీశాడు. అప్పుడు నిప్పుల్లో ఉన్నది ఒక అవ్వ కత్తి. దానికి పదును పెట్టించుకోడానికి ఆమె రెండు కొండలు దాటి వచ్చింది. ఇంట్లో ఉన్నది అదొక్కటే, మర్నాడు కాఫీ తోటలో తుప్పలు కొట్టాలి. "బేగి కానీయండి, పొద్దుగూకిపోతది" అంటూ గుమ్మంలో కూర్చుంది.

ఎండలో కత్తి ఎంతకీ ఎర్రబడినట్టు కనిపించలేదు. "ఇంకా ఊదు తాతా, ఇంకా" అంటున్నాను. అంతలో మబ్బు పట్టింది. ఎర్రబడలేదనుకున్న కత్తి పసుప్పచ్చగా ధగధగలాడిపోతోంది! వేడి అంత మితిమీరితే రేణువులు బలిసి ముతకవుతాయి, ఉక్కు పెళుసెక్కుతుంది. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న సంగతే! అయినా ఆపమనలేదు. వీడియో నడుస్తోంది మరి. తాత నావైపు చూశాడు. తలూపాను. కత్తి నీళ్లలో చుయ్‌మంది. పిడి బిగించగానే అవ్వ దాన్ని అందుకుని, పనస మొద్దు మీద వేటు వేసి చూద్దామని రెండు చేతులా ఎత్తింది. ముక్క ఎగిరితే తగిలేది ఆమె మొహానికే. "ఆగు అవ్వా! తప్పు నాదే!" అని అరిచాను. చేతులు గాల్లోనే ఆగాయి.

తాత కత్తి తీసుకుని, ఇనుము సాగగొట్టే దాగలి దిమ్మ అంచుకేసి తట్టాడు. టక్కున రెండయింది. విరిగినచోట రేణువులు మెరిశాయి. "పంచదార పలుకుల్లా ఉన్నాయి బాబూ" అన్నాడు తాత. అవ్వ నన్ను తిట్టనైనా లేదు. "ఇప్పుడు నానేటి సేత్తాను బాబూ? రేపు పనెలాగ?" అంది. తిట్టి ఉంటే బాగుండేది. తడిక నేనే కట్టాను, తిత్తి నేనే ఊదాను. చీకట్లో తాత పెద్ద ముక్కను మళ్లీ కాల్చి సాగగొట్టాడు. ఈసారి రంగు తనే చూసుకున్నాడు. కత్తి బాగా పొట్టిదైంది గాని మొద్దులోకి చక్కగా దిగింది. "వత్తాను, పంచదార బాబూ" అంటూ అవ్వ కొండ దారి పట్టింది.

ఇప్పుడు నా దగ్గర వేడిని అంకెల్లో చూపే కొలిమి ఉంది. అయినా పాఠానికి ముందు కిటికీ తెరలన్నీ వేసేస్తాను. పిల్లలు నవ్వుకుంటారు. ఆ వీడియో ఇంకా దాచుకున్నాను. చివర్లో బొమ్మ వణికిపోతుంటే ఒక కుర్ర మాస్టారు "తప్పు నాదే" అని అరుస్తాడు. అంతవరకూ వాడి గొంతు వింటే ఒళ్లు మండుతుంది. అక్కడికొచ్చేసరికి మాత్రం కాస్త ముద్దొస్తాడు.