అమీనా చేతిలో నల్లకర్ర

స్కాట్లాండులోని స్కై దీవిలో షెరీఫ్ కోర్టు నోటీసులు అందించే అమీనా ఫార్కర్ మెకాస్కిల్ ఏ తలుపు తట్టబోయినా ముందొకసారి వెనక్కి చూసుకునేవాడు, పారిపోవడానికి దారి ఉందో లేదోనని. పొడగరి మనిషే, కానీ భుజాలు ముడుచుకుని నడిచేవాడు. కోటు లోపల కోర్టువారిచ్చిన పొట్టి నల్లకర్ర ఉండేది. జనం అడ్డుకుంటే అమీనా ఆ కర్రను అక్కడికక్కడే విరవాలి. అది విరిగితే ఊరిమీదికి సైనికులు దిగుతారు.

జమీందారు గొర్రెల మేతకోసం గ్లెన్ ఓర్ ఊరిని ఖాళీ చేయించే నోటీసులు ఆయన చేతికొచ్చాయి. వాటిని ఊరివాళ్లకు అందించే గడువుకు అదే ఆఖరి రోజు, దాటితే మళ్లీ ఏడాది ఆగాల్సిందే. ఊళ్లో అడుగుపెట్టగానే ఆడవాళ్లు చుట్టుముట్టారు. ముసలి ఎఫ్రిక్ కాగితాలు లాక్కుని పొయ్యిలో పడేసింది.

"ఏరా ఫార్కర్, మీ అమ్మ బతికుంటే నీ మొహాన కుడితినీళ్లు కొట్టేది గదరా!"

ఫార్కర్ కర్ర తీసి రెండు చేతులా పట్టుకున్నాడు. కేకలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. ఒక బాలింత బిడ్డను శాలువాలో దాచుకుంది. తనను చూసి మనుషులు వణకడం ఆయన ఎన్నడూ ఎరగడు. అది చూసి మరింత హడలిపోయాడు. కర్రను కోటులో దోపుకుని బురదలో పడుతూ లేస్తూ పరుగు తీశాడు.

"ఎవరు అడ్డుపడ్డారు?" అని కోర్టులో న్యాయాధికారి షెరీఫ్ గద్దించాడు.

"ఎవరూ లేరయ్యా. కుక్క మొరిగితే నేనే జడుసుకున్నాను. కాగితాలు వాగులో కొట్టుకుపోయాయి."

ఫార్కర్ ఉద్యోగం ఊడింది. గడువు దాటింది గనక గ్లెన్ ఓర్‌లో ఆ ఏడు కూడా బంగాళాదుంపలు నాటుకున్నారు. పిరికి ఫార్కర్ అన్న పేరు ఆయనకు ఆ ఊరివాళ్లే పెట్టారు.