అమ్మ ఉతికిన గొంగడి

మా అన్న కన్నడదేశంలోని బంగారు గనిలో ముప్పై ఏళ్ళు పనిచేసి, ఎనభైల మొదట్లో రిటైరై వెల్దుర్తి దగ్గరి మా ఊరికి తిరిగొచ్చాడు. ట్రంకుపెట్టె తెరుస్తుంటే ఇంటిల్లిపాదీ మూగాం. బట్టల కింద కొబ్బరికాయంత బూడిదరంగు రాయి ఒకటి ఉంది.

"ఏందిరా ఇది?" అంది అమ్మ.

"బంగారం ఉన్న రాయమ్మా. మా ఆఫీసరును అడిగి తెచ్చుకున్నా."

అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. ఎక్కడా పసుపు జాడ లేదు. "ఇన్నేళ్ళుండి రాయి తెచ్చావా? పల్నాట్లో రాళ్ళు కరువయ్యాయని ఎవరన్నా ఉత్తరం రాశారా?" అంది.

అందరికంటే ఎక్కువ నవ్వింది నేను. ఊరంతా చెప్పిందీ నేనే. నాలుగు రోజులకల్లా అన్న టీ బంకు వైపు వెళ్ళడం మానేశాడు. నా నోటి దూల ఏం చేసిందో అప్పుడు తెలిసింది. ఊరు నవ్వినందుకు కాదు ఆయన బాధ. భూమి లోపల తాను ఇన్నేళ్ళు ఏం చేశాడో కన్నతల్లే నమ్మలేదని.

"చేసి చూపిస్తా. నువ్వు సాయం పట్టు" అన్నాడు నాతో ఒక పొద్దున.

సుత్తితో రాయిని పగలగొట్టి, ముక్కల్ని ఇనప రోట్లో దంచాం. కొట్టంలోని పాత రుబ్బురోట్లో నీళ్ళు పోసి, పిండి కంటే మెత్తగా రుబ్బాం. గనిలో ఈ పనికి పెద్ద పెద్ద మిషన్లుంటాయట. ఇక్కడ ఆ మిషన్ను నేనే. మూడు రోజులకు అరచేతులు బొబ్బలెక్కాయి.

తర్వాత ఒక చెక్కపలకను ఏటవాలుగా నిలిపి, దాని మీద తాను పడుకునే గొంగడి పరిచాడు. రుబ్బిన బురదను పైనుంచి సన్నగా పోశాం.

"రాతిపొడి తేలిక, నీళ్ళతో జారిపోద్ది. బంగారం బరువు కదా, బొచ్చులో చిక్కుకుంటది" అన్నాడు. ఇక గొంగడిని నీళ్ళలో జాడించి, అడుగున దిగిన మడ్డికి పాదరసం కలపాలి. పాదరసం బంగారాన్ని తనలోకి లాక్కుంటుందట. దాని కోసం ఇద్దరం బస్సెక్కి మాచర్లలో నగలు చేసే ఆచారిగారి దగ్గరికి వెళ్ళాం.

తిరిగొచ్చేసరికి పలక మీద గొంగడి లేదు. కుంకుడు వాసన వేస్తూ దండెం మీద ఆరుతోంది.

"అంత బురదయితే నా బిడ్డ దాని మీద ఎట్టా పడుకుంటాడు? చానాసేపు ఉతికా" అంది అమ్మ.

అన్న ఉన్నచోటే కూలబడ్డాడు. నాకు ఈసారి నవ్వు రాలేదు. "ఆ నీళ్ళేం చేశావమ్మా?" అని అరిచాను.

"ఎందుకురా ఆ అరుపులు? నీళ్ళు పారబోసే ఊరా మనది? నాపరాళ్ళ తొట్లోనే ఉన్నాయి. పొద్దువాలినాక సొరపాదుకు పోద్దామని."

అన్న ఒక్క గంతులో లేచాడు. పైనీళ్ళు మెల్లగా తోడేసి, అడుగు మడ్డిని పళ్ళెంలోకి ఎత్తి, పాదరసం పోసి, కర్రతో చాలాసేపు కలిపాం. ఆ పాదరసాన్ని గుడ్డలో వేసి పిండితే, ఎక్కువైంది కారిపోయి చిన్న తెల్లటి ముద్ద నిలిచింది. కాలిస్తే పాదరసం పొగై పోయి బంగారం మిగులుతుందట. ఆ పొగ విషమని మమ్మల్నందరినీ దూరంగా తరిమి, తాను గాలివాలు చూసుకుని నిలబడి, పెరట్లో పొడుగు గరిటెలో ముద్దను కాల్చాడు.

చల్లారాక గరిటె తెచ్చి అమ్మ ముందు పెట్టాడు. ఆవగింజంత బంగారం. అమ్మ దాన్ని కంటి దగ్గరికి తీసుకుని, చాలాసేపు చూసి, అన్న తల నిమిరింది.

"రాతిలోంచి తీశావురా నా తండ్రీ!"

అన్న చిన్నపిల్లాడిలా నవ్వాడు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చేతుల బొబ్బలు గుర్తే లేవు.

అమ్మ ఆ గింజను కుంకుమ భరిణెలో దాచి, వచ్చినవాళ్ళందరికీ చూపించేది. "రాయి కొట్టింది వాళ్ళు, గొంగడి ఉతికింది నేను" అని తన వాటా కూడా చెప్పుకునేది. ఆ తర్వాత ఎప్పుడు చేనుకు వెళ్ళొచ్చినా కొంగులో ఒక రాయి ఉండేది.

"ఇందులో ఏమన్నా ఉందేమో చూడరా, పెద్దోడా."

అన్న దాన్ని అరచేతిలో తూచి, వెలుతురుకు పెట్టి, తిప్పి తిప్పి చూసి, "ఇందులో లేదమ్మా" అనేవాడు. అమ్మ తలాడించి, మర్నాడు ఇంకోటి తెచ్చేది.