మా వకీలమ్మ మోకాలినొప్పి

మా వకీలమ్మను పనితో చంపారు. కోర్టు నోటీసు బోర్డు మీద మాత్రం 'ఆకస్మిక మరణం' అని అంటించారు. ఆకస్మికం ఎక్కడిది? ఏళ్ళ తరబడి అందరి కళ్ళెదుటే జరుగుతూ వచ్చింది. పోయిన నెల ఒక సోమవారం పొద్దున నాంపల్లిలో కోర్టు మెట్ల మీద కూర్చుంది, మళ్ళీ లేవలేదు. అంతే వార్త.

ఆమె ఎవరో తెలియనివాళ్ళకు చెప్తాను. ఫీజు ఇచ్చుకోలేని ముద్దాయిలకు సర్కారు ఉచితంగా వకీలును ఇస్తుంది. అలా ఇచ్చే ఆఫీసు ఒకటి ఉంది. దాని పేరు రాయను, వాళ్ళకు తెలుసు. మా తమ్ముడి కేసుకు ఆ ఆఫీసు ఇచ్చిన వకీలు ఈమె. తమ్ముడు గౌలిగూడలో ట్రాలీ ఆటో నడిపేవాడు. ఎవడో కిరాయికి పిలిచి రాగితీగ చుట్టలు ఎక్కించాడు, దారిలో పోలీసులు ఆపారు. అది దొంగ మాలు. ఎక్కించినవాడు మాయమయ్యాడు, నడిపినవాడు జైలుకు పోయాడు. నేను ఇది రాస్తున్న ఈ పూట కూడా జైల్లోనే ఉన్నాడు. కాబట్టి ఈ నివాళి మెత్తగా ఉండదు.

మేడంకు ఇచ్చిన కేసులు ఒక మనిషి మోసేవి కావు. ఒక హాల్లో వాదిస్తుంటే ఇంకో హాల్లో ఆమె ముద్దాయి పేరు పిలిచేవాళ్ళు. నల్లకోటు ఒక చేతికే తొడుక్కుని పరుగెత్తడం నేను చూశాను. నాంపల్లి స్టేషన్ ఎదురుగా చాయ్‌లో బిస్కెట్ ముంచి, అది మెత్తబడేలోపు ఫోన్ వస్తే కప్పు అక్కడే పెట్టి వెళ్ళిపోయేది. జైలుకు వెళ్ళి ఒక్కొక్క ముద్దాయి ఎదుట తీరిగ్గా కూర్చోవడం ఆమెకు కుదిరే పని కాదు. ఎక్కువసార్లు వాళ్ళను జైలు నుంచే టీవీ తెర మీద హాజరు వేయిస్తారు. ఎప్పుడో ఒకసారి మనిషిని వ్యాన్‌లో తెస్తారు. ఆ రోజు వ్యాన్ దిగిన చోటి నుంచి పై అంతస్తులో హాలు తలుపు దాకా ఎంత దూరముందో అంతే ఆమెకూ ముద్దాయికీ దొరికే మాట.

"నడుసుకుంట చెప్పు బిడ్డా," అనేది.

మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే. "నువ్వు లోపలున్నట్టు ఇంట్ల ఎవరికి తెల్వది?" కేసు గురించి కాదు. ఇదేం ప్రశ్న అని నేను ఒకసారి అడిగాను. "ఎవరికి చెప్పకుండ దాస్తడో, వాళ్ళే వాని కోసం పరుగెత్తుకొస్తరు. జమానతుకు వాళ్ళే నిలబడ్తరు," అంది. మా తమ్ముడు మా అమ్మ పేరు చెప్పాడు. మేడం ఆ సంగతి అమ్మకు నాతో చెప్పించింది. అమ్మ ఒక పూట ఏడ్చి, మరునాడు ఇంటి కాగితాలున్న మా మేనమామను పట్టుకుని, బెయిల్ వస్తే పూచీ పడటానికి కోర్టు ముందు నిలబడింది.

ఇక మోకాలి సంగతి.

మెట్ల మలుపు దగ్గరికి రాగానే మేడం మోకాలు పట్టుకుని కూర్చుండిపోయేది. "ఒక్క నిమిషం అన్నా, పట్టేసింది," అనేది ఎస్కార్ట్ కానిస్టేబుల్‌తో. పెద్దమనిషి, ఆడమనిషి, నల్లకోటు. ఆమెను దాటి పైకి లాక్కుపోవడానికి వాళ్ళకు మొహమాటం. ఆమె చెయ్యి మోకాలి మీద, చెవి ముద్దాయి మీద. ఆ నిమిషంలో వాడు చెప్పింది పట్టుకుని పైకి వెళ్ళి వాదించేది.

ఒకసారి కానిస్టేబుల్ నవ్వాపుకుంటూ అన్నాడు. "మేడం, మీ మోకాలు పొద్దుగాల వచ్చినోనికి తక్వ నొచ్చింది. వీనికి ఎక్కువ నొస్తున్నట్టుంది."

"వానిది చిన్న కేసు అన్నా," అంది ఆమె, తల ఎత్తకుండానే.

నేను అబిడ్స్‌లో చెప్పుల షాపులో పనిచేస్తాను. ఒక సాయంత్రం మేడం చెప్పు వారు తెగి మా షాపుకే వచ్చింది. పాతజత తిప్పి చూశాను.

"మేడం, ఇవి మోకాలినొప్పి ఉన్నోళ్ళ చెప్పులు కావు. నొప్పుంటే ఒక దిక్కు ఒరిగి నడుస్తరు, అటుపక్కే అరుగుతది. మీవి రెండూ ఒక్కతీరుగ అరిగినయి."

ఆమె మా సేటు ఎక్కడున్నాడో చూసుకుంది. "జర మెల్లగ మాట్లాడు పిల్లా. ఇది బయట పడితే నా ముద్దాయిలు నోరు మూసుకొని మెట్లెక్కాలె."

"ఆ పోలీసులకు తెల్వదనుకుంటున్నరా?"

"తెలుసు. కని తెలిసినట్టు ఉండరు. వాళ్ళు మంచోళ్ళే."

నాకు ఒళ్ళు మండింది. టైం కావాలని నేరుగా అడగొచ్చు కదా, ఇంత చదువుకుని ఈ నాటకమేంది అన్నాను. ఆమె కొత్త చెప్పులో కాలు పెట్టి, తీసి, మళ్ళీ పెట్టింది.

"అడిగిన. ఆఫీసుకు పోయి అడిగిన. కేసులు తగ్గియ్యున్రి, లేకపోతె ఇంకో ఇద్దర్ని పెట్టున్రి అన్న. 'మీరైతే మేనేజ్ చేస్తరు మేడం' అన్నరు. అని, ఇంకిన్ని ఫైళ్ళు ఇచ్చిన్రు."

మీరైతే మేనేజ్ చేస్తారు. ఆ మాట మెచ్చుకోలని ఎవరైనా అనుకుంటే నాతో వాదనకు రండి. అది మెచ్చుకోలు పూసిన మూట. దాన్ని ఆమె నెత్తికి ఎత్తినవాళ్ళు కూర్చున్న కుర్చీలు కదల్లేదు, మోసినామె కుప్పకూలింది.

ఆమెది మెదక్ దగ్గర మిషన్ స్కూలు పంతుళ్ళ కుటుంబం. సికింద్రాబాద్‌లో అక్కతో కలిసి ఉండేది. ఆదివారం చర్చి నుంచి తిన్నగా అబిడ్స్ వచ్చేది. ఆదివారం మా షాపుల షట్టర్లు మూసి ఉంటాయి, వాటి ముందే పాత పుస్తకాలవాళ్ళు పరుచుకుంటారు. అక్కడ ఆమె డిటెక్టివ్ నవలలు ఏరుకునేది. "సగం చదివి పెట్టేస్త. హంతకుడెవడో తెలిస్తే మళ్ళ వానికి బెయిల్ నేనే అడగాలె," అని తానే నవ్వేది. ఒక ఆదివారం అట్ట చిరిగిన చట్టం పుస్తకం ఒకటి కొని నా చేతిలో పెట్టింది. నేను పదో తరగతి తప్పినదాన్ని. అర్థం కాదు మేడం అన్నాను.

"అర్థం కాకపోనీ. చదువుతుంటె భయం పోతది. భయం పోయినంక అర్థమైతది."

నిజంగానే ఆ వరసలోనే జరిగింది. ఇవాళ నేను ఇలా రాయగలుగుతున్నానంటే ఆ చిరిగిన అట్ట పుణ్యమే.

కోర్టు వరండాలో ఫీజు తీసుకుని వాదించే వకీలు ఒకాయన ఆమెతో అన్నాడు, మా తమ్ముడి కేసు గురించే, నా ముందే. "ఫ్రీ కేసుకు ఇంత ఎందుకు కొట్టుకుంటరు మేడం." ఆమె కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుని పెట్టుకుంది. "ఉచితమంటే సగమని ఎవరు చెప్పిన్రు సార్ మీకు?" అంది. ఆయన చాయ్ తాగుదామా అన్నాడు. ఆమె దగ్గర చాయ్ తాగే టైం లేదు.

ఆ సోమవారం తమ్ముడి బెయిల్ వాదన. వాణ్ణి వ్యాన్‌లో తెచ్చారు. అంతకుముందు దాకా వాడు ఒక మాట దాచాడు. మాలు ఎక్కించినవాడు ఎవరో వాడికి తెలుసు. చెప్తే అమ్మను, నన్ను బతకనివ్వరని భయం. ఆ రోజు వాడు తెగించాడు. మెట్ల మొదట్లోనే మొదలుపెట్టాడు. నేను నాలుగు మెట్లు కింద ఉన్నాను, నాకు అన్నీ వినబడలేదు. "వాడు ఫోన్ చేసిన నంబరు నా ఫోన్ల ఉంది మేడం, ఆ ఫోన్ పోలీసుల దగ్గరుంది," అనడం మాత్రం విన్నాను. మేడం అక్కడే కూర్చుండిపోయింది. మలుపు ఇంకా రానేలేదు.

"ఏంది మేడం, ఇయ్యాల ఇంత కిందనే పట్టేసిందా?" అన్నాడు కానిస్టేబుల్.

ఆమె చెయ్యి అలవాటుగా మోకాలి మీదికి పోయింది. "చెప్పు బిడ్డా, చెప్పు," అంది. గొంతు సన్నగా వచ్చింది. తమ్ముడు వంగి చెప్తూనే ఉన్నాడు. కానిస్టేబుల్ గోడకు ఆనుకుని అటు తిరిగి నిలబడ్డాడు, వాళ్ళకు టైం ఇస్తున్నట్టు. నేను కింద నిలబడి సంతోషపడ్డాను. ఇవాళ మావాడికి చాలాసేపు దొరికింది అనుకున్నాను.

"మేడం, వింటున్నరా?" అన్నాడు తమ్ముడు.

తల గోడకు వాలింది. వాడు పట్టుకోబోయాడు. వాడి మణికట్టు కానిస్టేబుల్ చేతిలో ఉంది.

దవాఖానకు తీసుకుపోయేసరికే ప్రాణం లేదన్నారు. సమాధి దగ్గర ఒక పెద్దాయన నాతో అన్నాడు, "మోకాలు మోకాలు అనుకుంటూ గుండె సంగతి చూసుకోలేదమ్మా పాపం." ఆయనకు అక్కడ జవాబు చెప్పలేదు, ఆమె అక్క పక్కనే ఉంది. ఇప్పుడు చెప్తున్నాను. ఆమె మోకాలికి ఏ జబ్బూ లేదు. ఆఫీసు ఇవ్వని నిమిషాలను ఆమె ఆ మోకాలు చూపించి అడుక్కుంది. చివరికి నిజంగా నొప్పి వచ్చిన రోజు, అది నొప్పని నమ్మే మనిషి ఆ మెట్ల మీద ఒక్కరూ లేరు.

ఆగిన బెయిల్ వాదన గురువారానికి పడింది. గురువారం మధ్యాహ్నం సంతాప సభ. ఫోటోకు దండ వేశారు, నిశ్శబ్దంగా నిలబడ్డారు, సేవామూర్తి అన్నారు. ఆమె గౌరవార్థం వకీళ్ళందరూ ఆ పూట పని మానేశారు. జ్వరంలో కూడా ఒక్క వాయిదా అడగని మనిషికి, ఆమె ముద్దాయిలందరికీ వాయిదాలు వేసి నివాళి ఇచ్చారు. మా తమ్ముడికీ ఒకటి దొరికింది.

ఆ తర్వాతి వాయిదాకు కొత్త వకీలు వచ్చాడు. కుర్రవాడు. ఆఫీసు అతనికి అతని కేసులు ఉంచి, వాటి మీద మేడం కేసులన్నీ పెట్టింది. తెర మీద తమ్ముడి ముఖం వచ్చింది. కొత్త వకీలు లేచి, బైకు దొంగతనం, మొదటి నేరం, వయసు చిన్నది అని చక్కగా వాదించడం మొదలుపెట్టాడు.

తెర మీద నుంచి తమ్ముడు చెయ్యెత్తాడు. "సార్, నాది బండి కేసు కాదు సార్. నాది తీగ."

ఎవరో వెనక నవ్వారు. జడ్జిగారు ఫైలు మూసి, చదువుకుని రండి అన్నారు. మళ్ళీ వాయిదా.

అతన్ని వరండాలో పట్టుకున్నాను, కడిగేద్దామనే. "సార్, మా తమ్ముడు మీకు మనిషిలెక్క కనబడ్తలేడా?" అన్నాను. అతను గోడకు ఆనుకున్నాడు. పెదవులు ఎండిపోయి ఉన్నాయి.

"అక్కా, తప్పు నాదే. పొద్దున ఫైళ్ళు తారుమారైనయి. ఇంకో రెండు హాళ్ళల్ల నా పేరు పిలుస్తున్నరు. మీ తమ్ముని పేరు ఇంకోసారి చెప్పున్రి, నడుసుకుంట మాట్లాడుదాం."

 అతన్ని తిట్టలేకపోయాను. నాకు జాలి కాదు, అతని గురించి భయం వేసింది.

కాబట్టి ఆ ఆఫీసుకు నేరుగా చెప్తున్నాను. ఆమె ఫోటో ఎక్కడ పెట్టుకుంటారో మీ ఇష్టం. నాకు కావలసింది వేరు. ఆ కుర్రవాడి ఒక్కడి నెత్తి మీది నుంచి ఆమె కేసులు దించి నలుగురికి పంచండి. ఎవరికి ఎవరు వకీలో లోపలున్నవాళ్ళకూ, బయట ఎదురుచూస్తున్న వాళ్ళ ఇళ్ళకూ తెలుగులో చెప్పండి. మా తమ్ముడి వాయిదా వచ్చే మంగళవారం. దానికి ముందే ఒక వకీలు జైలుకు వెళ్ళి, వాడి ఎదుట కుర్చీ వేసుకుని, వాడు సగంలో ఆపిన మాట పూర్తిగా వినాలి. ఆ మాట విన్న మనిషి చచ్చిపోయింది, వాడు మళ్ళీ ధైర్యం కూడగట్టుకుంటున్నాడు. 'చూస్తాం' అన్నది జవాబు కాదు. 'మేనేజ్ చేస్తాం' అంటే అసలు ఒప్పుకోను. వెళ్ళే వకీలు పేరు, వెళ్ళే రోజు చెప్పండి. శనివారం సాయంత్రం మీరు తలుపుకు తాళం వేసేలోపు.