సరసమ్మ చుట్టిన రేడియో

మా పెద్దమ్మ సరసమ్మ ఆరణిలో మగ్గాలవాళ్ళ ఇంటి కోడలు. పదేళ్ళప్పటి నుంచి నేతకు దారపు కండెలు చుట్టిన చెయ్యి ఆమెది. ఆ చెయ్యి రేడియో దాకా ఎట్లా పోయిందో మా ఇంట్లో ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటాం.

1939లో మా వీధి బడిలో పాఠాలు చెప్పే పచ్చయ్యప్ప అయ్యవారు, బ్యాటరీ అక్కర్లేని రేడియో ఒకటి సొంతంగా చెయ్యాలని మద్రాసు నుంచి సామాన్లు తెచ్చుకున్నాడు. వెదురు బొంగు మీద సన్నని రాగితీగ నూటపది చుట్లు చుట్టాలి. ఒకదాని మీద ఇంకొకటి ఎక్కకూడదు. ఆయన చుట్టిన ప్రతిసారీ తీగ వదులై జారిపోయేది. చివరికి దాన్ని తీసుకుని మా ఇంటికి వచ్చాడు.

"అమ్మా, దారమే అనుకొని దీన్ని చుట్టి ఇస్తావా?"

పొద్దున వంట ముగించి కూర్చున్న పెద్దమ్మ మధ్యాహ్నానికి చుట్టేసింది. కానీ వెంటనే ఇవ్వలేదు. "దీన్ని యాడ పెడతారో, ఇదేమి చేస్తాదో నాకు చూపించాల అయ్యవారూ" అంది.

ఆయన పలక మీద బొమ్మ గీసి చెప్పాడు. రెండు కొబ్బరిచెట్ల మధ్య కట్టిన తీగ గాలిలో వచ్చేదాన్ని పట్టుకుంటుంది. ఇంకో తీగ బావి దగ్గర తడిమట్టిలోకి పోతుంది. చుట్టిన తీగ మద్రాసు స్టేషన్‌ను ఏరి ఇస్తుంది. మెరిసే సీసపు రాయి మీద సన్నని తీగమొన సరైన చోట ఆనితే హెడ్‌ఫోన్‌లో పాట వినిపిస్తుంది.

ఆ సాయంత్రం అంతా సిద్ధమైంది కానీ అయ్యవారికి ఆ సరైన చోటు దొరకలేదు. మొనను గట్టిగా నొక్కేస్తున్నాడు. పెద్దమ్మ అడిగి తీసుకుంది. తెగిన పోగును వెతికినట్టు రాయి మీద మెల్లగా జరుపుతూ పోయి, ఒకచోట ఆగింది.

"ఎవురో వీణ వాయిస్తా ఉండారు" అంది.

నెల తిరక్కుండా తనకోసం ఇంకొకటి చేసుకుంది. చుట్టిన తీగ మీద కరిగిన మైనం పూసింది. వానాకాలంలో కూడా దానికి చెమ్మ పట్టలేదు.

రెండేళ్ళకు తిరువళ్ళూరులో చేతిపనుల ప్రదర్శన పెట్టారు. అయ్యవారి మాట మీద పెద్దమ్మ, పెద్దనాయన దండపాణి ఆయనను కూడా వెంటబెట్టుకుని రేడియో తీసుకుపోయారు. నిర్వాహకులు దాని పక్కన 'ఆరణి దండపాణి' అని రాసిన చీటీ పెట్టారు. మద్రాసులో రేడియోల అంగడి నడిపే పెద్దమనిషి ఒకాయన హెడ్‌ఫోన్ పెట్టుకుని చాలాసేపు విన్నాడు. తరువాత చుట్ల గురించి పెద్దనాయనను ఏదో అడిగాడు.

"నాకు తెలిసింది మగ్గమే సార్. చేసినాది ఈమె. ఈమెనే అడగండి" అన్నాడు పెద్దనాయన.

ఆ అంగడాయన అరవంలో అడిగాడు, పెద్దమ్మ అరవంలోనే జవాబు చెప్పింది. ఎన్ని చుట్లు, మైనం ఎందుకు, రాయిని ఎట్లా పట్టుకోవాలి, దేనికీ తడుముకోలేదు. "మా అంగట్లో మిషన్ మీద చుట్టినా ఇంత తీరుగా రాదమ్మా" అన్నాడాయన.

పెద్దనాయన చీటీ తీసి అయ్యవారి చేతికిచ్చాడు. "నా పేరు కొట్టేసి సరసమ్మ అని రాయండి. పెద్ద అక్షరాలతో రాయండి."

ఆ తరువాత ఆమె ఎనిమిది రేడియోలు చేసింది. ఒకటి మగ్గం పక్కనే ఉండేది. చీరలు చూడడానికి ఎవరొచ్చినా పెద్దనాయన ముందు వాళ్ళ చెవికి హెడ్‌ఫోన్ పెట్టేవాడు. "మా ఆడమనిషి చేసినాది" అని చెప్పి, వాళ్ళు విన్నాకే చీర మడత విప్పేవాడు.