కుడివైపు కొట్టుకున్న గుండె

టేపు చింపిన చప్పుడు వినబడితే చాలు, నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఇవాళ పొద్దున ఎక్స్‌రే గదిలో గోరంత సీసం అక్షరాన్ని ప్లేటుకి అంటించబోతూ టేపు చింపాను. అంతే, కరుణ ఆంటీ గుర్తొచ్చారు. ఆమెతోపాటు ఆ కోపమూ వచ్చింది.

ఆంటీది నరసాపురం వైపు. న్యూజెర్సీలో మా ఆసుపత్రి ఎక్స్‌రే విభాగంలో ఇరవై ఏళ్లకు పైగా పనిచేశారు. ఆదివారం ఎడిసన్‌లోని తెలుగు చర్చిలో మెత్తగా పాడే ఆ గొంతే సోమవారం మా మీద ఉరిమేది. కొత్తగా చేరినవాళ్లకి ఆమె మొట్టమొదట ఇచ్చేవి మార్కర్లనే రెండు సీసం అక్షరాలు: ఎడమకి ఎల్, కుడికి ఆర్. వాటి పక్కనే మన పేరు పొడి అక్షరాలు ఉండేవి. ఎక్స్‌రే తీసేముందే ఒకటి ప్లేటు మీద అంటించాలి. తర్వాత కంప్యూటర్‌లో టైపు చేస్తానంటే ఊరుకునేవారు కాదు. నాకు అది ఉత్త చాదస్తంలా అనిపించేది. ఈ రోజుల్లో కూడా ఈ అంటింపులేమిటని వెనకాల నవ్వుకున్నదాన్ని.

నేను చేరిన నాలుగో నెలలో, ఒక మధ్యాహ్నం, పుట్టి ఒక్క రోజైన పాపకి ఎక్స్‌రే తీయమన్నారు. పొద్దున్నుంచీ ఆకుపచ్చగా వాంతులు. పసిపిల్లలు అలా కక్కారంటే పేగులో ఎక్కడో అడ్డుపడిందేమోనని భయం. యంత్రాన్ని తోసుకుంటూ పోయి, పాప ఎడమవైపు ఎల్ పెట్టి తీశాను. తెర మీద చూస్తే గుండె కుడివైపు ఉంది. పొట్టలో పెద్ద గాలిబుడగ కూడా కుడివైపే ఉంది. డ్యూటీ డాక్టర్ ఒక్క చూపు చూసి, మార్కర్ తప్పు పక్క పెట్టావు, ఫ్లిప్ చేసి పంపించు అన్నాడు. పాప వైపు చూడనైనా లేదు. నేనూ చూడలేదు. బొమ్మని తిప్పేశాను. తిప్పగానే నా అక్షరం తిరగబడి కనిపించింది. దాన్ని కత్తిరించేసి, కొత్తగా ఎల్ టైపు చేశాను. బొమ్మ అచ్చం పుస్తకంలో ఉన్నట్టే వచ్చింది. హమ్మయ్య అనుకున్నాను. ఇప్పుడు తలచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

లంచ్ నుంచి వచ్చిన ఆంటీ అలవాటుగా నేను తీసినవన్నీ చూస్తూ దీని దగ్గర ఆగారు.

"బొమ్మలో నీ లెటర్ ఏదమ్మా?"

జరిగింది చెప్పాను. ఆమె వెంటనే పిల్లల వార్డుకి నడిచారు, వెనకే నేను. పాపని అప్పటికే ఆపరేషన్‌కి సిద్ధం చేస్తున్నారు. ఆంటీ చేతులు కడుక్కుని, పాప ఛాతీ మీద ముందు ఎడమవైపు రెండు వేళ్లు పెట్టి చూశారు, తర్వాత కుడివైపు. నా చేత కూడా చేతులు కడిగించి, నా వేళ్లు అక్కడే పెట్టించారు. కుడివైపు, ఆ చిన్ని గుండె టకటకా కొట్టుకుంటోంది. పాప లోపలి అవయవాలన్నీ అద్దంలో బొమ్మలా అటుది ఇటు, ఇటుది అటు ఉన్నాయన్నమాట. అలా పుట్టి హాయిగా బతికేవాళ్లు ఎంతోమంది ఉన్నారు. పాప ప్రాణం మీదికి తెచ్చింది పేగులో అడ్డు. నేను తిప్పిన బొమ్మని నమ్ముకుంటే సర్జన్ ఆ అడ్డు లేని పక్క కోస్తాడు.

ఆంటీ చెబుతుంటే డ్యూటీ డాక్టర్ వినలేదు. టెక్నీషియన్ నాకు చెప్పేదేంటన్నట్టు ఫోన్ చూసుకున్నాడు. అప్పుడు లేచింది ఆంటీ గొంతు. కారిడార్ అంతా వినబడింది. సర్జన్ బయటికొచ్చి, స్టెతస్కోపు కుడివైపు పెట్టి విని, అన్నీ ఆపి మళ్లీ ఎక్స్‌రే తీయమన్నాడు. చివరికి ఎడమవైపు కోసి, మూసుకుపోయిన చోటు దాటించి పేగుని కలిపారు. పాప బతికింది.

డాక్టర్ని ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. రిపోర్టులో మాత్రం మార్కర్ పొరపాటు అని రాసుకున్నారు. పొరపాటట! ఆ గదిలో సరిగ్గా ఉన్నది ఆ మార్కర్ ఒక్కటే. పేషెంట్ల ముందు అరిచినందుకు ఆంటీకి వార్నింగ్ లెటర్ ఇచ్చారు. ఒక బిడ్డని కాపాడినందుకు ఇదా మర్యాద! నాకు ఏడుపు ఆగలేదు. డాక్టరే కదా చెయ్యమన్నాడు ఆంటీ, అన్నాను. ఆమె ఊరడించలేదు.

"చెప్పింది ఆయన. బటన్ నొక్కింది నువ్వు. ఆయన మీద కోప్పడు, నేను వద్దనను. కానీ నీ వంతు కొంచెం నీకూ ఉంచుకో."

ఆ లెటర్ మీద సంతకం పెట్టకుండా తిరిగి ఇచ్చేశారు. నా పేరు ఎక్కడా ఎత్తలేదు. నేనూ నోరు తెరవలేదు. అది ఇవాళ్టికీ గుచ్చుతుంది.

ఆంటీ ఇప్పుడు రిటైరై క్యారీ అనే ఊళ్లో కూతురి దగ్గర ఉంటున్నారు. పోయిన నెల చెయ్యి విరిగి ఏడుస్తున్న ఒక పిల్లకి ఎక్స్‌రే తీయబోతుంటే, మార్కర్ తర్వాత టైపు చేసుకోవచ్చు, ముందు తియ్యి అన్నాడు ఇంకో డాక్టర్. అంటించడానికి పట్టేది రెండు క్షణాలు. అంటించాకే నొక్కాను. ఈలోపు ఆయన గొంతూ పెరిగింది, నాదీ పెరిగింది. ఆయనకేమీ రాలేదు. నాకు లెటర్ వచ్చింది. ఫోన్‌లో చెబితే ఆంటీ కాసేపు నవ్వి, "సంతకం పెట్టావా?" అని అడిగారు.

పెట్టలేదు.