ఏకు అయ్యేదాకా

నా చిన్నప్పుడు నన్ను ఒక్కచోట కూర్చోబెట్టడం మా ఇంట్లో ఎవరివల్లా అయ్యేది కాదు. కుదురులేని పిల్లనని వీధంతా పేరు. మా అమ్మకి జబ్బు చేసేదాకా ఆ పేరు నాకు బాధనిపించలేదు, కొంచెం గర్వంగా కూడా ఉండేది.

మాది పొందూరు. మగ్గాలూ రాట్నాలూ ఉన్న ఊరు. నాన్న నేసేవాడు, అమ్మా మామ్మా నూలు వడికేవారు. నాకు తొమ్మిదో ఏడు నడుస్తుండగా అమ్మకి దగ్గు పట్టుకుంది. కొన్నాళ్ళకి దగ్గుతో నెత్తురు కూడా పడింది. నాన్న ఆమెని విశాఖపట్నం పెద్దాసుపత్రికి తీసుకెళ్ళి అక్కడే ఉండిపోయాడు. పిల్లల్ని ఆ వార్డులోకి రానివ్వరని నన్ను మామ్మ దగ్గర వదిలేశారు. బండి ఎక్కేటప్పుడు అమ్మ నన్ను దగ్గరికి రానివ్వలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, రెండో చేత్తో వెళ్ళు వెళ్ళు అని సైగ చేసింది. నా మంచికేనని ఇప్పుడు తెలుసు. అయినా ఆ చెయ్యి గుర్తొస్తే ఈ వయసులో కూడా కోపం వస్తుంది.

అప్పట్నించీ నాకు వీధి చివరికి పరుగు, వెనక్కి పరుగు. పోస్టుమేన్ వస్తే భయం, రాకపోతే ఇంకా భయం. అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని మింగడం మరిచిపోయేదాన్ని. బడిలో లెక్క సగంలో వదిలేసి కిటికీ వైపు చూస్తూ కూర్చునేదాన్ని. నిద్రలో కూడా కాళ్ళు కొట్టుకునేవని మామ్మ చెప్పేది.

ఒకరోజు పొద్దున్నే ఆవిడ ఓపిక అయిపోయింది. "ఒలే గుంటా, ఏటే ఆ తిరుగుడు? ఇలగొచ్చి కూకో," అని చెయ్యి పట్టుకు లాగి అమ్మ రాట్నం ముందు కూర్చోబెట్టింది. ఒక ఏకు తీసి నా చేతిలో పెట్టింది. "ఈ ఏకు మొత్తం ఒక్కపాలి కూడా తెగకుండా వడికీ. వడికిన రోజున నిన్ను మీయమ్మ దగ్గరికి తీసుకెల్తాను."

ఒట్టు వెయ్యమన్నాను. వేసింది.

ఏకు అంటే శుభ్రం చేసిన దూదిని వేలంత లావున చుట్టిన వత్తి. మా ఊళ్ళో ఆ దూదిని వాలుగ చేప దవడతో దువ్వుతారు. దాని సన్నని పళ్ళకి చెత్తంతా చిక్కుకుని పోగు తేటగా వస్తుంది. కుడిచేత్తో రాట్నం తిప్పుతూ, ఎడమచేతి వేళ్ళ మధ్య ఏకు పట్టుకుని, కదురనే ఇనప పుల్ల దగ్గర్నించి మెల్లగా వెనక్కి లాగాలి. చెయ్యి బిగిస్తే తెగుతుంది, వదులు చేస్తే ముడిపడుతుంది. చేతి చెమట తగలకుండా ఏకుని ఎండిన అరటి దొప్పలో పెట్టి పట్టుకుంటారు. నా చెమటకి ఆ దొప్ప కూడా చాల్లేదు.

మొదటిరోజు మూరకోసారి తెగింది. లాగుతూ ఉండగా అమ్మ దగ్గు వినిపించినట్టయ్యేది, చెయ్యి బిగుసుకునేది, పుటుక్కుమనేది. రెండోరోజూ అంతే. మూడోరోజు ఏకుని నేలకేసి కొట్టి ఏడ్చాను. మామ్మ తిట్టలేదు. ఏకు ఏరుకొచ్చి దుమ్ము దులిపి, మళ్ళీ నా చేతికిస్తూ చెప్పింది. "మనసుని కట్టీమని నీకెవలు సెప్పినారే? అది మీయమ్మ కాడికి ఎల్తాది, ఎల్లనీ. మల్లీ వస్తాది. ఏలు మాత్రం ఒగ్గీకు. దారం తెగే ముందర ఏలికి తెలుస్తాది. ఏలు ఏటి సెప్తన్నాదో అదొక్కటీ ఇను."

అర్థమైందని అనలేను. కానీ చెయ్యడానికి ఇంకేమీ లేదు కనక వేలినే నమ్ముకున్నాను. మనసు విశాఖపట్నం వెళ్ళేది. వెళ్ళిందని తెలియగానే వేలి దగ్గరికి తెచ్చుకునేదాన్ని. మళ్ళీ వెళ్ళేది. అలా రోజుకి ఎన్నిసార్లో. మెల్లగా వేలి కింద పోగు పలచబడడం తెలియసాగింది. సగం ఏకు, ముప్పాతిక ఏకు దాకా తెగకుండా వచ్చేది. పోస్టుమేన్ వేళకి నేను వీధిలోకి పరిగెత్తడం లేదని పక్కింటి అక్క ఆశ్చర్యపోయింది.

పదోరోజో పదకొండోరోజో, మధ్యాహ్నం, కుదిరింది. రాట్నం చప్పుడు ముందు దూరమైపోయింది, తర్వాత వినిపించడం మానేసింది. దారం, వేలు, అంతే. అమ్మ కూడా గుర్తులేదు. చివరి దూది పీచు కూడా వేళ్ళ మధ్యే దారమైపోయింది.

"మామ్మా, తెగనేదు!" అని అరిచి తల ఎత్తాను.

వసారా నిండా జనం. పక్కింటి అక్క, ఎదురింటి వాళ్ళు, అందరూ నన్నే చూస్తున్నారు. మామ్మ నా ఎదురుగానే కూర్చుని ఉంది. ముందుకి వంగి, నా చేతికీ కదురుకీ మధ్యనున్న దారాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని తెంపేసింది.

"తెగిపోనాదే తల్లీ," అంది. "తెగిపోనాది."

"నువ్వే తెంపీసినావు! నాను సూసినాను!" అని మీద పడి రెండు చేతులతోనూ కొట్టాను. ఆవిడ అడ్డుకోలేదు. అప్పుడు కనిపించాడు, గుమ్మంలో మా చిన్నాన్న. విశాఖపట్నంలో నాన్నకి సాయంగా ఉన్నవాడు. అతని చేతిసంచీలోంచి అమ్మ ఆసుపత్రికి పట్టుకెళ్ళిన ఇత్తడి చెంబు బయటికి కనిపిస్తోంది. నా చేతులు వాటంతటవే ఆగిపోయాయి.

అమ్మని అక్కడే దహనం చేసేశారు. నేను చూడలేదు.

మిగతాది తర్వాత పక్కింటి అక్క చెప్పింది. చిన్నాన్న వచ్చి పావుగంట అయిందట. గుమ్మంలోనే కబురు చెప్పాడట. మామ్మ ఒకే ఒక్క కేక పెట్టిందట. ఆ కేకకే వీధిలో వాళ్ళంతా పరిగెత్తుకొచ్చారు. మూడడుగుల దూరంలో ఉన్న నేను వినలేదు. ఎవరో నన్ను లేపబోతే మామ్మ చెయ్యి అడ్డం పెట్టి, "ఆ ఏకు అయ్యేదాకా ఉండనియ్యండి," అందట.

పెద్దయ్యాక, నేనూ బాగా వడకడం నేర్చుకున్నాక, ఇంకొకటి తెలిసింది. ఆవిడ నాకు రోజూ ఇచ్చినవి పొట్టి పోగుల దూదితో చేసిన నాసిరకం ఏకులు. అవి తెగకుండా రావడం చాలా అరుదు. నేను గెలవనని నమ్మే ఆవిడ ఒట్టు వేసింది. ఆ సంగతి ఆవిడని ఎప్పుడూ అడగలేదు. అడిగితే ఏం చెబుతుంది?

తర్వాత జీవితంలో చాలా పరీక్షలు రాశాను, చాలా ఆసుపత్రి వరండాల్లో కూర్చున్నాను. అన్నిచోట్లా ఆ వేలే నన్ను నిలబెట్టింది. కానీ పని బాగా కుదిరి, చుట్టూ చప్పుళ్ళు వినిపించడం మానేస్తే గుమ్మంలో ఎవరో వచ్చి నిలబడ్డారని అనిపిస్తుంది. వెంటనే తల ఎత్తను. చేతిలో ఉన్నది ఇంకాస్త మెల్లగా చేస్తాను. ఆ కాసేపూ మా అమ్మ విశాఖపట్నంలో బతికే ఉంటుంది.