కొత్త కెమెరా మీద తీర్పు

నేను బడి మానేసింది ఎనిమిదో తరగతిలో. అప్పట్నుంచి లోకాన్ని ఒంటికంటితోనే చూస్తున్నాను, రెండోది మూసుకుని. ఫొటోలు తీసేవాడికి అంతకంటే చదువు అక్కర్లేదని నా నమ్మకం. నందికొట్కూరులో చిన్న స్టూడియో నాది. మా వైపు జంటల్లో సగం మంది నేను నవ్వమన్నాకే ఒకరినొకరు చూసి నవ్వారు.

నా పాత కెమెరా నొక్కితే కొబ్బరికాయ కొట్టినట్టు ఠక్కుమనేది. మా అక్క కూతురి పెళ్లి కుదిరిన నెలలోనే అది మూలపడింది. కర్నూలు పోయి కొత్త రకం డిజిటల్ కెమెరా తెచ్చుకున్నాను. బావ దాన్ని ఎగాదిగా చూసి, పిల్లకాయలు ఆడుకునేదా అనడిగాడు. బావకు నామీద ప్రేమ లేకపోలేదు. కూతురి పెళ్లి ఫొటోల మీద ఇంకొంచెం ఎక్కువ. అందుకే డ్రోన్లు ఎగరేసే ఒక పెద్ద జట్టును ముందే మాట్లాడి పెట్టుకున్నాడు. వాళ్లను వద్దనాలంటే ఒకటే షరతు: కాబోయే జంటను గండికోటలో నేను తీసే ఫొటోలు ఆయనకు నచ్చాలి. సొంత మేనకోడలి పెళ్లిలో ఇంకెవడో "సార్, కొంచెం పక్కకు జరగండి" అంటుంటే నేను జరగాల్సి వస్తే, ఆ తర్వాత మా ఊళ్లో నన్నెవడు పిలుస్తాడు?

బయల్దేరే ముందు మా ఇంటావిడ కెమెరాకు పూజ చేసింది. ఫ్రిజ్జయినా నీళ్ల మోటారయినా మా ఇంట్లో బొట్టు పెట్టించుకోకుండా పని మొదలుపెట్టింది లేదు. గంధం చిక్కగా కలిపి, మీద కుంకుమ అద్ది, ఎంత ఎండకైనా రాలనంత గట్టిగా పెట్టింది.

కోట అంచున, పెన్నా లోయ వెనకాల కనబడేలా జంటను నిలబెట్టాను. నొక్కితే దోమ వాలినంత చప్పుడు. తీశానో లేదో నాకే తెలియక మళ్లీ మళ్లీ నొక్కాను. పెళ్లికొడుకు నవ్వు ముఖం మీదే ఎండిపోయింది. కన్నుపెట్టి చూస్తే ఎదురుగా ఉన్న జంట కాకుండా, ఇందాక తీసిన వాళ్ల ఫొటోనే కనబడుతోంది. వెనకనున్న తెర చూస్తే కాటుక డబ్బీ మూతలా నల్లగా ఉంది.

బావ పక్కకొచ్చాడు. "తీసినావు గదప్పా, ఏదీ, చూపీ."

"ఈడ కన్ను పెట్టు బావా. లోపల ఉండాది."

బావ నడుం వంచి కాసేపు చూశాడు. "తిరునాళ్లలో బయస్కోపు చూపిస్తాండావా? నలుగురం కలిసి చూసేది ఎట్ల?"

నాకు ఒళ్లు మండింది. ఆ కెమెరాను, దాన్ని చేసినవాణ్ని, అమ్మినవాణ్ని వరసగా తిట్టాను. రేపే తిరిగిచ్చేస్తానన్నాను. బావ జేబులోంచి ఫోను తీశాడు. ఎవరికో నాకు తెలుసు.

అంతలో జడలో పూలు సర్దుకోవడానికి మేనకోడలు కెమెరా తీసుకుంది. నల్లటి తెరలో ముఖం బాగా కనబడుతోందట. నా కెమెరా అద్దంగానైనా పనికొచ్చిందని మురిసిపోయేలోపే పకపకా నవ్వింది.

"మామా, ఈ బుల్లి గాజుబిళ్లకు గూడా బొట్టు పెట్టింది అత్త."

చేతిరుమాలు తడిపి తుడిచేసరికి తెర భళ్లున వెలిగింది. కన్ను పెట్టే కిటికీ మీద ఆ బిళ్ల ఉంది. మనిషి కన్ను దగ్గరికొస్తే అది కనిపెట్టి, బొమ్మను తెర మీద ఆపేసి లోపలికి పంపుతుందట. ఇంటావిడకు అది నుదురులా కనబడింది. పొద్దుట్నుంచీ ఎవరో కన్నార్పకుండా చూస్తున్నారనుకుని, పాపం ఆ కెమెరా తన పని తాను చేస్తూనే ఉంది.

ఫొటోలన్నీ ఉన్నాయి. సగం ఎండకు సున్నం కొట్టినట్టు తెల్లబోయాయి. ఆ తప్పు మాత్రం బొట్టుది కాదు.

"కొన్ని దినాలు దాంతో కూచో మామా. ఆ తర్వాత తిట్టుదువు," అంది మేనకోడలు. కూతురి మాట కాదనలేక బావ ఫోను జేబులో పెట్టాడు.

కూర్చున్నాను. మెనూ అంతా ఇంగ్లీషే. బొమ్మలను బట్టి పోయాను, సూర్యుడి బొమ్మ, మనిషి బొమ్మ. మిద్దె మీద ఎండబెట్టిన మిరపకాయలను, పక్కింటి మేకను, తల దువ్వుకోని ఇంటావిడను తీసి తిట్లు తిన్నాను. ఫొటో ఎలా వస్తుందో నొక్కకముందే కిటికీలో చూపిస్తుందని అప్పుడు తెలిసింది. గండికోటలోనూ చూపించే ఉంటుంది. పాత అలవాటు కొద్దీ నేనే చూడలేదు. నిజం చెప్పాలంటే దీనికి దోషాలూ ఉన్నాయి. బ్యాటరీని ఎనుము కుడితి తాగినట్టు తాగుతుంది. నా లావు వేలికి ఒకేసారి రెండు బటన్లు పడతాయి. కానీ మనిషి కన్ను ఎక్కడున్నా వెతికి పట్టుకుంటుంది. మేక కన్ను కూడా.

మళ్లీ అంత దూరం రానని పెళ్లికొడుకు మొండికేశాడు. జంటను మా ఊరి శనగ చేల గట్టు మీద, పొద్దు వాలేటప్పుడు తీశాను. బావ ఒక్కొక్కటే జరుపుతూ, కూతురు తల తిప్పి నవ్వే ఫొటో దగ్గర ఆగిపోయాడు. చాలాసేపు జరపలేదు. తర్వాత పక్కకు పోయి డ్రోన్లవాళ్లకు వద్దని చెప్పాడు.

పెళ్లినాడు ఒక చిక్కొచ్చింది. పెళ్లికూతుర్ని గంపలో కూర్చోబెట్టి మండపానికి మోయాల్సింది మేనమామే. గంపకే రెండు చేతులూ చాలవు, కెమెరా ఎవరు పట్టాలి? బావ చేతిలో పెట్టి, సగం నొక్కు, కంటి చుట్టూ పచ్చ గడి రాగానే పూర్తిగా నొక్కు అని నేర్పాను.

పెళ్లి మొత్తంలో నేను కనబడే ఫొటో అదొక్కటే. గంపలో పిల్ల నవ్వుతోంది. నా ముఖం గుమ్మడికాయలా ఉబ్బినా, కళ్లు మాత్రం నిఖార్సుగా పడ్డాయి. బావ దాన్ని వచ్చిన బంధువులందరికీ తిప్పి తిప్పి చూపించాడు.

"శానా మంచి కెమెరాప్పా ఇది," అన్నాడు నాతో. "నేను మొదట్నే చెప్తి గదా."